ఇద్దరిదీ డీప్ బైటే, మరి చికిత్స ఎందుకు వేరు?

మీ 12 ఏళ్ల అబ్బాయికి బైట్ ప్లేట్ (పై ముందు పళ్ల వెనక పెట్టుకునే, తీసి పెట్టుకోగల ప్లేటు), మీకేమో ఎముకలోకి బిగించే మినీ స్క్రూలతో క్లిప్పులు చెప్పారు, తేడా ఎందుకని అడిగారు. ఒకే చికిత్స చెప్పి ఉంటేనే అనుమానించాలండీ.

పై ముందు పళ్లు కింది పళ్లను 2-3 మి.మీ. కప్పడం మామూలే. అంతకు మించితే అదే డీప్ బైట్. సరిచేయడానికి ముఖ్యంగా రెండు దారులు: ముందు పళ్లను చిగురు వైపు నెట్టడం, లేదా వెనక దవడ పళ్లను కాస్త లేవనివ్వడం.

ఎదిగే పిల్లలకు రెండోది బాగా పనిచేస్తుంది. కింది ముందు పళ్లు ప్లేటుకు ఆనితే వెనక 2-3 మి.మీ. ఖాళీ వస్తుంది, దవడ పళ్లు అందులోకి లేస్తాయి. ఎముక కూడా ఎదుగుతోంది కాబట్టి ఆ ఎత్తు నిలుస్తుంది. తినేటప్పుడు ప్లేటు తీసేస్తే మాత్రం వచ్చిన ఎత్తు నమిలే ఒత్తిడికి పోతుంది. నెలలు గడిచినా మార్పు లేదంటే నేను మొదట అడిగేది ఇదే.

పెద్దవాళ్లలో, అందులోనూ నమిలే కండరాలు గట్టిగా ఉంటే, లేపిన పళ్లు మళ్లీ దిగిపోవచ్చు. పొడుగు ముఖమైతే ఇంకో చిక్కు: దవడ పళ్లు 1 మి.మీ. లేస్తే ముందు సుమారు 2 మి.మీ. తెరుచుకుంటుంది, కింది దవడ వెనక్కి తిరుగుతుంది. గడ్డం లోపలికి పోయినట్టుంటుంది, పెదాలు కలవడం కష్టమవుతుంది.

సరే, ముందు పళ్లనే నెట్టాలి. పైవా, కిందివా? చాలామంది పట్టించుకోనిది ఇక్కడే. పెదాలు వదులుగా ఉంచి అద్దంలో చూసుకోండి: పై పళ్లు 2-4 మి.మీ. కనిపించాలి. అంతకంటే ఎక్కువ కనిపిస్తూ, నవ్వితే చిగుళ్లు కూడా బయటపడుతుంటే పైవాటిని నెట్టవచ్చు. ఇప్పటికే తక్కువ కనిపిస్తుంటే పైవాటి జోలికి పోకూడదు, కిందివాటినే నెట్టాలి. వయసుతో పై పెదవి ఎలాగూ జారుతుంది. పళ్లనూ పైకి నెడితే బైట్ సరవుతుంది గానీ ముఖం వయసు పైబడినట్టు కనిపిస్తుంది.

ఒక్కో పంటికి 10-20 గ్రాముల బలం చాలు. పెంచితే పని తొందరగా అవదు, వేరు కొన అరిగే ప్రమాదం పెరుగుతుంది. తీగను దవడ పళ్లకే కట్టి నెడితే ఎదురు బలానికి అవి లేస్తాయి. ఎముకలోని స్క్రూలకు కడితే ఆ బలం దవడ పళ్ల మీద పడదు, మీకు స్క్రూలు చెప్పింది బహుశా అందుకే. 6 నెలలకు ముందు పళ్ల వేర్లకు ఎక్స్-రే తీయించండి. చిగుళ్ల జబ్బుంటే అది అదుపులోకి వచ్చాకే క్లిప్పులు.

బాబుకు చివర్లో ఇచ్చే రిటైనర్‌లో (సరిచేసిన పళ్లు కదలకుండా పెట్టుకునే ప్లేటు) పై ముందు పళ్ల వెనక చిన్న బైట్ ప్లేన్, అంటే కింది ముందు పళ్లు ఆనే మెట్టు, ఉండేలా అడగండి. ఎదుగుదల ఆగేదాకా బైట్ మళ్లీ లోతయ్యే వీలుంది కాబట్టి అప్పటిదాకా రాత్రిళ్లు వేసుకోవాల్సిందే.