లేహ్‌లో ఏడాది పొడవునా చలేనా? చిన్నబాబుతో ఎప్పుడు వెళ్లాలి?

మీ వారికి లద్దాఖ్‌లోని లేహ్‌కి బదిలీ అయిందన్నారు, బాబుకి మూడేళ్లన్నారు. అక్కడ ఏడాదంతా ఊటీలాగే ఉంటుందా అని అడిగారు. ఉద్యోగం వల్ల మేమూ కొన్నేళ్లు అక్కడ కాపురం చేశాం కాబట్టి చెబుతున్నాను: ఊటీని మర్చిపోండి.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉన్నా భూమధ్యరేఖకు దగ్గర. అందుకే అక్కడ జనవరి పగటికీ మే పగటికీ పెద్ద తేడా ఉండదు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో, బాగా ఉత్తరాన ఉంది. పైగా హిమాలయాలు రుతుపవనాలను అడ్డుకుంటాయి కాబట్టి ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్ల వర్షమే. అంటే మీరు వెళ్లేది పచ్చటి హిల్ స్టేషన్‌కి కాదు, చలి ఎడారికి.

లెక్కల్లో చెప్పాలంటే, జనవరిలో పగలు సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు కింద, రాత్రి మైనస్ 14 దాకా ఉండటం మామూలే. ఒక్కోసారి మైనస్ 20 కూడా దాటుతుంది. ఏప్రిల్‌లో పగలు 12 వరకు వస్తుంది కానీ రాత్రి ఇంకా సున్నా దగ్గరే. జూలై, ఆగస్టుల్లో పగలు 25, రాత్రి 10. అక్టోబర్ రాగానే రాత్రుళ్లు మళ్లీ సున్నా కిందకి దిగుతాయి. 2024 జూలై చివర్లో మాత్రం ఎండ బాగా ముదిరి, పలచని గాలి మరీ పలచబడి, విమానాలు ఎగరలేక కొన్ని రద్దయ్యాయి. లేహ్‌లో వేడికి విమానాలు ఆగాయంటే మా వాళ్లెవరూ నమ్మలేదు!

ఫోన్‌లో కనిపించే ఈ అంకెల్ని నమ్ముకుని బట్టలు సర్దుకుంటే మాత్రం ఇబ్బందే. గాలి పలచగా, పొడిగా ఉంటుంది, మబ్బులు తక్కువ. దాంతో ఎండ నేరుగా ఒంటి మీద పడుతుంది. పొద్దు వాలిందంటే నేలలోని వేడి అడ్డులేకుండా పైకి పోతుంది. జనవరి మధ్యాహ్నం దక్షిణం వైపు కిటికీ దగ్గర స్వెట్టర్ తీసేసి కూర్చునేవాళ్లం. అదే ఇంట్లో ఉత్తరం గదిలో బకెట్ నీళ్లు గడ్డకట్టేవి. ఇల్లు వెతికేటప్పుడు అద్దెకన్నా ముందు, దక్షిణం వైపు పెద్ద కిటికీలున్నాయా లేదా చూడండి. నన్నడిగితే దీని తర్వాతే ఏదైనా. బాబుకి ఒక మందపాటి జాకెట్ బదులు పలచని బట్టలు పొరలుపొరలుగా వేయండి, తీస్తూ వేస్తూ ఉండొచ్చు. చలిగా ఉంది కదా అని ఎండని తేలిగ్గా తీసుకోవద్దు. ముఖం కమిలిపోతుంది, పెదాలు పగులుతాయి, పిల్లలకి ముక్కులోంచి రక్తం రావడం కూడా మామూలే.

చలికాలంలో అసలు బాధ చలి కాదండీ, నీళ్లు. పైపులు గడ్డకట్టి పగిలిపోతాయని చాలా ఇళ్లలో వాటిని ఖాళీ చేసేస్తారు. ఇక మోసుకోవడమే. గది వేడికి బుఖారీ అనే పొయ్యి పెట్టుకుంటారు. దాని పొగగొట్టం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, అన్నీ మూసేసి దాన్ని రాత్రంతా వెలిగించి పడుకోవద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

వంట సంగతి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, కాబట్టి మంచి కుక్కర్లు రెండు తీసుకెళ్లండి. ఇడ్లీ పిండి పులియడం అంటారా, వేసవిలో తప్ప ఆశలు పెట్టుకోకండి. కొబ్బరినూనె సీసా ఏడాదిలో చాలా భాగం రాయిలాగే ఉంటుంది.

ఎత్తు ఒక్కటే చూసి చలిని అంచనా వేయకండి. లద్దాఖ్‌లోనే, లేహ్‌కన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉన్న ద్రాస్ అనే ఊళ్లో చలీ, మంచూ చాలా ఎక్కువ. నుబ్రా లోయ కొంచెం వెచ్చన. మీ వారి పోస్టింగ్ లేహ్ ఊళ్లోనా, బయటెక్కడైనానా ముందు కనుక్కోండి.

వెళ్లడానికి జూన్ మంచిది. బాబు ఒళ్లు అలవాటు పడటానికి నాలుగు నెలలు దొరుకుతాయి, ఈలోపు చలికాలానికి కట్టెలు, సరుకులు కూడబెట్టుకోవచ్చు. విమానంలో దిగితే ఒక్కసారిగా అంత ఎత్తుకి చేరతారు కాబట్టి మొదటి రెండు రోజులు ఎక్కడికీ కదలకండి. వీలైతే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద, కార్గిల్‌లో రాత్రి ఆగి వెళ్లండి. కార్గిల్ 2,700 మీటర్లలోపే, అక్కడ ఒళ్లు కొంత సర్దుకుంటుంది. బయల్దేరే ముందు బాబుని పిల్లల డాక్టర్‌కి చూపించండి. అక్కడికెళ్లాక వాంతులు, విడవని ఏడుపు, ఆయాసం కనిపిస్తే జలుబేలే అనుకుని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.