మిథైలేషన్‌లో తేడా కనిపిస్తే అది రోగం వల్లనేనా?

ప్రశ్న: కీళ్లవాతం ఉన్నవారి రక్తాన్నీ, ఆరోగ్యవంతుల రక్తాన్నీ డీఎన్‌ఏ మిథైలేషన్ (డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన భాగం చేరడం) కొలిచే చిప్‌పై పరీక్షించాను. చాలా స్థానాల్లో రోగుల విలువలు తక్కువగా వచ్చాయి. ఒక స్థానంలో మాత్రం అందరి విలువలూ 0 (మిథైల్ అసలు లేదు), 0.5, 1 (పూర్తిగా ఉంది) దగ్గర మూడు గుంపులుగా విడిపోయాయి. ఇవన్నీ రోగం తెచ్చిన మార్పులేనా?
– ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మూడు గుంపుల సంగతి త్వరగా తేలుతుంది కనుక ముందు దానిని చూద్దాం. చిప్‌పై పెట్టే ముందు డీఎన్‌ఏకు చేసే బైసల్ఫైట్ రసాయన చర్యలో మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి, చివరకు థైమిన్ అనే మరో డీఎన్‌ఏ అక్షరంగా కనిపిస్తుంది. ఆ చోట పుట్టుకతోనే థైమిన్ ఉన్నవారిని కూడా చిప్ మిథైల్ లేనివారిగానే లెక్కవేస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ థైమిన్ వచ్చినవారు 0 దగ్గర, ఒకరి నుంచే వచ్చినవారు సగం దగ్గర, అసలు రానివారు 1 దగ్గర చేరతారు. కాబట్టి మీకు కనిపించినది చాలావరకు జన్యుభేదమే అయి ఉంటుంది. మిథైల్ చేరిన సైటోసిన్ తరతరాలలో థైమిన్‌గా మారిపోయే గుణం కలది కనుక, ఇటువంటి భేదాలు సరిగ్గా ఈ స్థానాల్లోనే ఎక్కువ.

అసలు జాగ్రత్త మొదటి ఫలితం, అంటే రోగుల విలువలు తక్కువగా రావడం, విషయంలో కావాలి. రక్తంలో ఉన్నది ఒకే రకం కణం కాదు; లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్ వంటి పలు రకాల తెల్లకణాలు ఉంటాయి. ఒక స్థానంలో లింఫోసైట్లలో 90 శాతం, న్యూట్రోఫిల్స్‌లో 10 శాతం మిథైలేషన్ ఉందనుకోండి. లింఫోసైట్లు 40 శాతం, మిగిలినవి న్యూట్రోఫిల్స్ అయిన రక్తంలో మొత్తం విలువ 42 శాతం వస్తుంది. లింఫోసైట్లు 20 శాతానికి తగ్గితే అదే 26 శాతానికి దిగుతుంది. ఏ ఒక్క కణంలోనూ మిథైలేషన్ మారకుండానే ఇంత తేడా వచ్చింది! కీళ్లవాత రోగులు తరచుగా స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. అవి న్యూట్రోఫిల్స్‌ను పెంచుతాయి. అందువల్ల 2012లో హౌస్‌మన్ బృందం ప్రకటించిన పద్ధతి వంటిదానితో కణాల పాళ్లు అంచనా కట్టి, వాటిని లెక్కలో చేర్చిన తరువాతనే రోగం మాట ఎత్తండి.

పొగతాగే అలవాటును కూడా తప్పక అడగండి. ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువులో పొగతాగేవారి మిథైలేషన్ స్పష్టంగా తగ్గుతుంది; రోగులలో వారు ఎక్కువగా ఉంటే అది రోగపు తేడాలా కనిపిస్తుంది.

ఇక రోగుల నమూనాలన్నీ ఒక విడతలో, ఆరోగ్యవంతులవి మరొక విడతలో నడిపి ఉంటే, విడత తేడాను రోగపు తేడా నుంచి ఏ గణితమూ విడదీయలేదు. శ్రమ అనిపించినా రెండింటినీ కలగలిపి మళ్లీ నడపవలసిందే. ఆ పైన కూడా నిలిచిన స్థానాలను, వేరుచేసిన ఒకే రకం కణాలలో పైరోసీక్వెన్సింగ్ అనే, ఒక్కో స్థానంలో మిథైలేషన్‌ను విడిగా కొలిచే పద్ధతితో సరిచూసుకోండి.