ఈ.కోలి మీద పరిశోధన అంటోంది... పంపమంటారా, బీఈడీ చేయించమంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతాను. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ జువాలజీ ఆనర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ చేసి ఈ.కోలి అనే బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తానంటోంది. అది మలంలో ఉండే క్రిమి అట కదా, రోగం అంటుకోదా? జీవితమంతా ఒక్క క్రిమితో ఏం బతుకుతుంది? టెక్కలిలో ఉన్న మా బావగారు బీఈడీ చేయించి టీచర్ పోస్టుకు రాయించమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు రోగం సంగతి చూద్దామండీ. ఈ.కోలి మీ పేగుల్లోనూ ఉంది, నా పేగుల్లోనూ ఉంది. దానిలో చాలా రకాలు మన జోలికి రావు. కొన్ని మాత్రం విరేచనాలు, మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి. ల్యాబుల్లో చదువుకునే పిల్లల చేతికి ఇచ్చేది ఎక్కువగా కే-12 అనే రకం. 1922లో అమెరికాలో ఒక రోగి మలం నుంచి దాన్ని వేరు చేశారు. అప్పటి నుంచి ల్యాబులోనే పెరిగి పెరిగి, మనిషి పేగులో నిలదొక్కుకునే శక్తి పోగొట్టుకుంది. రోగం తెచ్చే రకాలతో పనిచేయడానికి వేరే గదులు, వేరే జాగ్రత్తలు ఉంటాయి. శిక్షణ లేనివాళ్లను అక్కడ పనిచేయనివ్వరు. నిజం చెప్పాలంటే, మీ కొట్లో పురుగుమందుల అర పక్కన కూర్చోవడం కంటే ఇదే నయం.

ఇక 'ఒక్క క్రిమితో ఏం బతుకు' అన్నారు. మీ అసలు భయం ఇదేనని నాకు అర్థమైంది. థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు 1885లో పసిపిల్లల మలంలో దీన్ని కనిపెట్టాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. మంచి ఆహారం, 37 డిగ్రీల వేడి దొరికితే ఇరవై నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. మనుషుల్లో పది తరాలు చూడాలంటే రెండు మూడు వందల ఏళ్లు కావాలి, దీనిలో మూడున్నర గంటలు చాలు. అందుకే జన్యువులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనుకున్నవాళ్లలో ఎంతోమంది దీనితోనే మొదలుపెట్టారు. 1978లో మనిషి ఇన్సులిన్ జన్యువును దీనిలో పెట్టి ఇన్సులిన్ తయారు చేయించారు. 1982లో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటున్నారా? అది దాదాపుగా ఈ క్రిమి చేతో, ఈస్టు చేతో చేయించినదే.

దూరం వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో డాక్టర్ మంజులా రెడ్డి చేసిన పని చూడండి. ఈ.కోలి చుట్టూ వల లాంటి గోడ ఉంటుంది. క్రిమి పెరగాలంటే ఆ వలను అక్కడక్కడ కోసి కొత్త పోగులు కలపాలి. అలా కోసే ఎంజైములు లేకపోతే క్రిమి పెరగలేక చస్తుందని ఆమె బృందం తేల్చింది. 2019లో ఆమెకు శాస్త్రవేత్తలకు ఇచ్చే ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. పెన్సిలిన్ లాంటి మందులు దెబ్బకొట్టేది ఆ గోడ కట్టే పనినే. కాబట్టి ఆ గోడ సంగతి తెలిస్తే కొత్త మందులకు దారి దొరకవచ్చు.

ఆ అవసరం ఎంతో తెలియాలంటే ఎవరిదైనా మూత్రం కల్చర్ రిపోర్టు తీసి చూడండి. పైన క్రిమి పేరు ఉంటుంది, చాలాసార్లు అది ఈ.కోలియే. కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఎస్ అనో ఆర్ అనో ఉంటుంది. ఎస్ అంటే మందు పనిచేస్తుంది. ఆర్ అంటే క్రిమి లొంగదు. ఆర్‌లు పెరిగిపోవడం ఇవాళ డాక్టర్లకు పెద్ద తలనొప్పి. మీ అమ్మాయి ఇందులోకి వెళ్తే పని దొరకదేమో అన్న బెంగ అక్కర్లేదు. ఈ.కోలితో నేర్చిన పని చేతిలో ఉంటే తర్వాత క్షయ మీదో, టీకాల మీదో పనిచేయవచ్చు.

అయితే దారి పొడవైనది, అది దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. అంటే పీహెచ్‌డీకి మీరు డబ్బు పెట్టక్కర్లేదు. కానీ పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటడం మామూలే. జేఆర్ఎఫ్ రాకపోతే? ఎమ్మెస్సీతోనే ఆగి మందుల కంపెనీల్లో, ఆహార, నీటి పరీక్షల ల్యాబుల్లో చేరేవాళ్లు చాలామంది ఉన్నారు. తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలి కూడా కనబడకూడదని మన ప్రమాణం, అది చూసేవాళ్లు కావాలి కదా. విశాఖ, హైదరాబాద్ కంపెనీల్లో మొదటి జీతం పెద్దగా ఉండదు, అనుభవం వచ్చాక నయం.

ఇప్పుడు అమ్మాయితో ఒక మాట. అమ్మా, నీకు నచ్చింది ఈ.కోలి గురించి చదవడమా, ఆ పని చేయడమా? రెండూ వేరు. క్రిమిని పెంచే మెకాంకీ అగార్ అనే జెల్లీ ప్లేటు మీద తీగతో గీతలు గీసి, మర్నాడు పొద్దున తెరిస్తే గులాబీ రంగు చుక్కలు వరసగా వచ్చి ఉంటాయి. మొదటిసారి ఎవరికైనా సరదాగానే ఉంటుంది. అదే పని నెల రోజులు చేసి, ఫలితం రాక, తప్పెక్కడో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు కూడా మళ్లీ ల్యాబుకు వెళ్లాలనిపిస్తే నువ్వు పనికొస్తావు. ఆ సంగతి తేల్చుకోవడానికి సైన్స్ అకాడమీలు వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి, దరఖాస్తు కొన్ని నెలల ముందే పెట్టాలి. అది రాకపోయినా పరిశోధన సంస్థలైన బరంపురం ఐసర్‌లోనో, భువనేశ్వర్ ఐఎల్ఎస్‌లోనో నీకు నచ్చిన పని చేస్తున్న ప్రొఫెసర్‌కు మెయిల్ రాయి. వాళ్ల పని చదివి నాలుగు వాక్యాల్లో అడుగు. అందరికీ ఒకటే మెయిల్ కాపీ కొట్టి పంపితే ఎవరూ చూడరు. ఎమ్మెస్సీకి జామ్, గాట్-బి, సీయూఈటీ పీజీ, ఒడిశా యూనివర్సిటీలకు సీపీఈటీ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. వీలైనన్ని రాయి.

బీఈడీ మాటకొస్తే, మీ బావగారు చెడ్డ సలహా ఇవ్వలేదు. కానీ అది ఎమ్మెస్సీ తర్వాత కూడా చేసుకోవచ్చు, తొందరేం లేదు. పెళ్లి సంగతి మీరు రాయలేదు కాబట్టి నేనూ ఎత్తను. జేఆర్ఎఫ్‌కు ఆడపిల్లలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉందని మాత్రం గుర్తుంచుకోండి.

సరిహద్దు జిల్లాల పిల్లలు చివర్లో ఇరుక్కునేది కుల సర్టిఫికెట్ దగ్గర. ఆంధ్రాలో బీసీగా ఉన్న కులం ఒడిశాకు ఇచ్చిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలని లేదు. శ్రీకాకుళం చుట్టాల సర్టిఫికెట్ చూసి మనకూ వస్తుందనుకోకండి. మీ కులం పేరు ఒడిశా జాబితాలో ఏ అక్షరాలతో ఉందో చూసి, అమ్మాయి కుల సర్టిఫికెట్లోనూ అలాగే ఉందో లేదో, అందులో ఇంటిపేరు, తండ్రి పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిపోల్చండి. తేడా ఉంటే పరీక్షల దరఖాస్తులు మొదలయ్యేలోపే తహసీల్దారు ఆఫీసులో కుల సర్టిఫికెట్ సరిచేయించండి.