మాత్ర మాత్రం ఆపకు

చిన్నీ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. మీ కుక్క సోనూగాడి చిగుళ్లు పళ్ల మీదికి ఎక్కేశాయట, అది బీపీ మాత్ర వల్లేనని నువ్వే కనిపెట్టావట. రేపట్నుంచి ఆ మాత్ర మానిపించి చిగుళ్లు కోయించేస్తానంటున్నావట. మొదటి మాటకి ఎంత పొంగిపోయానో, చివరి మాటకి అంత టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేస్తే నేను సగం చెప్పేలోపే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకోవాలిగా. కుక్క పెదవి ఎత్తి లోపల ఏముందో చూసేవాళ్లు ఎంతమంది? నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది నోరు కంపు కొడుతోందనో, బొమ్మ కొరికితే రక్తం అంటిందనో వచ్చినవాళ్లే. నువ్వు అంతదాకా రానివ్వలేదు. నీ అనుమానమూ సరైనదే. వాడికి వేస్తున్న ఆ బీపీ మాత్ర, ఆమ్లోడిపిన్, నెలల తరబడి వాడితే కొన్ని కుక్కల్లో చిగుళ్లు ఇలాగే పెరుగుతాయి. ఈ విషయంలో ఇంకా పేరుపడింది దురదకి ఇచ్చే సైక్లోస్పోరిన్. మనుషుల్లో మూర్ఛకి వాడే ఫెనిటాయిన్‌తోనూ ఇదే గొడవ. చిగుళ్లలో కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పోగుపడుతుంది, పాతది కరగాల్సినంత కరగదు. పళ్ల మీద పాచి ఉంటే వాపు కూడా తోడై ఇంకా పెరుగుతుంది.

అయితే పెరిగిన ప్రతిదీ మందు వల్లే అనుకోకు. నోరంతా, రెండు దవడల్లోనూ పెరిగితే మందుని అనుమానించొచ్చు. ఒక్కచోట గడ్డలా లేస్తే అది కణితి కావచ్చు, ముక్క తీసి బయాప్సీకి పంపందే ఎవరూ తేల్చలేరు. బాక్సర్ లాంటి జాతుల్లో అయితే ఏ మందూ వాడకపోయినా వంశపారంపర్యంగానే పెరగొచ్చు.

ఇక తిట్లు. మాత్ర మానిపించాలని ఎవరిని అడిగి అనుకున్నావే? ఇంట్లో పశువుల డాక్టరు ఉన్నా అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నావు. వాడు నీకు ఈ సంగతి చెప్పి ఉండడు, నేను చెబుతున్నా.

మీ ఇంట్లో ఇదివరకు ఉన్న కుక్క టైగర్ నీకు లీలగానైనా గుర్తుండాలి. వాడికీ సోనూలాగే ముసలితనంలో కిడ్నీలు దెబ్బతిని బీపీ పెరిగింది, ఇదే ఆమ్లోడిపిన్ ఇచ్చారు. కొన్ని నెలలకి ముందుపళ్లు సగానికి సగం చిగుళ్లలో మునిగిపోయాయి. ఎవరో మాత్ర వల్లే అన్నారు. మీ నాన్న ఆ రోజే ఆపేశాడు. నాకు చెప్పలేదు, చూస్తున్న డాక్టరుకీ చెప్పలేదు. అక్కకి పనెక్కువ, ఇంత చిన్నదానికి ఎందుకులే అనుకున్నాడట. తమాషా ఏంటంటే, చిగుళ్లు నిజంగానే కొంచెం తగ్గడం మొదలుపెట్టాయి. వాడు సంబరపడ్డాడు కూడా. చిగుళ్లు కంటికి కనిపిస్తాయి, బీపీ కనిపించదు కదా.

ఒకరోజు టైగర్ గుమ్మం దాటబోయి పక్క చెక్కకి గుద్దుకున్నాడు. తర్వాత కుర్చీ కాలికి. ముసలాడు, తడబడుతున్నాడనుకుని మీ నాన్న రెండు మూడు రోజులు చూశాడు. ఆ తర్వాత నాకు ఫోన్. నేను వెళ్లేసరికి వాడు హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. పట్టపగలు, కిటికీ ఎదురుగా, రెండు కనుపాపలూ విచ్చుకుని నల్లగా ఉన్నాయి. చిన్న దూది ఉండ చేసి వాడి కళ్ల ముందు పైనుంచి జారవిడిచాను. దూది చప్పుడు చెయ్యదు కాబట్టి చూపు ఉంటేనే కుక్క దాని వెంట తల తిప్పుతుంది. వాడు తిప్పలేదు. రెండోవైపు నుంచి వదిలాను, తిప్పలేదు. మీ నాన్న మూడోసారి తనే దూది తీసుకుని వదిలాడు. నేనేమీ అనలేదు.

బీపీ పై అంకె 200 దాటి ఉంది. కంటి లోపల చూపుకి ఆధారమైన రెటీనా పొర ఊడిపోయింది. వెంటనే బీపీ దించగలిగితే ఆ పొర మళ్లీ అతుక్కుని ఎంతోకొంత చూపు రావచ్చు, కానీ మధ్యలో పోయిన ప్రతి రోజూ లెక్కే. టైగర్‌కి ఒక కంట్లో వెలుగునీడలు తెలిసేంత వచ్చింది, అంతే. వాడు ఉన్నన్నాళ్లూ మీ నాన్న ఆ ఇంట్లో ఒక్క కుర్చీ కూడా జరపనివ్వలేదు. నువ్వు పరుగెత్తుకుంటూ వస్తుంటే "మెల్లగా, వాడికి నీ అడుగు వినపడాలి" అనేవాడు. వాణ్ణి నిందించాలని ఇది రాయడం లేదు, వాడిది ప్రేమే. నీదీ ప్రేమే, నా భయమంతా అదే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు కాకూడదని.

కాబట్టి ఈ రాత్రి కూడా మాత్ర వెయ్యి. రేపు డాక్టరుకి ఫోన్ చేసి చిగుళ్ల సంగతి చెప్పు, ఫొటోలు పంపు. బీపీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు వెళ్లగానే పట్టీ కట్టనివ్వకు. గదిలో కాసేపు నీ పక్కన కూర్చుని వాడు కుదుటపడ్డాకే కొలవాలి, అదీ వరుసగా చాలాసార్లు. మొదటి అంకె వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు. నిలకడగా 160 దాటి ఉంటే మందు కావాల్సిందే. 180కి చేరితే కళ్లకీ మెదడుకీ ముప్పు బాగా ఎక్కువ. మందు మార్చొచ్చా అని అడుగు. టెల్మిసార్టాన్ ఉంది, బెనజెప్రిల్ లాంటివి ఉన్నాయి. అవి వేస్తే కిడ్నీ పరీక్షలు, పొటాషియం మళ్లీ చూసుకోవాలి. ఏది ముందు తగ్గించాలి, ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది డాక్టరు పని, నీది కాదు. ఒక్కోసారి ఆమ్లోడిపిన్ లేకుండా బీపీ అదుపులోకి రాదు. అప్పుడు చిగుళ్లతోనే సర్దుకుపోవాలి.

కోత గురించి తొందర వద్దు. మందు మార్చగలిగితే కొన్ని వారాల్లో, నెలల్లో చిగుళ్లు వాటంతటవే చాలావరకు తగ్గొచ్చు. అదే మందు వాడుతూ కోయిస్తే మళ్లీ పెరుగుతాయి. పైగా కిడ్నీలు బాగాలేని కుక్కకి మత్తు ఇవ్వాలంటే ముందు రక్తపరీక్షలు, సెలైన్, మత్తులో ఉన్నంతసేపూ బీపీ చూసుకోవడం, చాలా ఉంటుంది. తప్పదంటే చేయించు, భయపడకు. తీసిన ముక్క మాత్రం పరీక్షకి పంపమను.

పళ్లు రోజూ తోము. మెత్తటి బ్రష్, కుక్కల పేస్టే. మన పేస్టుల్లో కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకి విషం. పెరిగిన చిగుళ్లకీ పంటికీ మధ్య సంచుల్లా ఏర్పడి వాటిలో వెంట్రుకలు, తిండి ఇరుక్కుంటాయి, అక్కడ మెల్లగా తుడువు. రక్తం కారితే ఆపి మర్నాడు చూడు. నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ మాత్రం వెయ్యకు, ఉన్న కిడ్నీలు కూడా పోతాయి.

తిట్టానని అలగకు. టైగర్ సంగతి నేను చెప్పానని మీ నాన్నతో అనకు, అన్నా పర్వాలేదులే. బీపీ చూశాక ఆ అంకె నాకు మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా సరే.

మీ అత్త