సినిమా చూశాక ఎలా మాట్లాడుకోవాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. శ్రీకాకుళంలో మీరంతా కలిసి ఫిల్మ్ క్లబ్ పెట్టుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. కానీ నువ్వు రాసిన ఇబ్బంది చిన్నది కాదు. సినిమా అయిపోగానే ముగ్గురు గట్టిగా వాదించుకుంటున్నారు, మిగిలినవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇలాగే సాగితే కొన్నాళ్లకు ఆ ముగ్గురే మిగులుతారు. నేను చూసిన క్లబ్బుల్లో డబ్బు చాలక మూతపడినవి తక్కువ, మాట్లాడుకునే పద్ధతి కుదరక చెదిరిపోయినవే ఎక్కువ. ఏ సినిమాలు వేయాలని అడిగావు. అది తరువాత చూద్దాం, ముందు మాటల సంగతి.

"సినిమా ఎలా ఉంది?" అని ఎప్పుడూ మొదలుపెట్టకు. బాగుంది, బాగాలేదు, పరవాలేదు అనే మూడింటికి మించి ఆ ప్రశ్నకు జవాబు రాదు. పదిమంది ముందు వాటిలో ఒకటి అనేసిన మనిషి, ఇక ఆ సాయంత్రమంతా తన మాట నిలబెట్టుకోవడానికే మాట్లాడతాడు. అందుకని మొదటి విడతలో "మీకు గుర్తుండిపోయిన సన్నివేశం ఒక్కటి చెప్పండి" అని అడుగు. అందులో ఎవరున్నారు, ఎక్కడ నిలబడ్డారు, వెలుగు ఎటునుంచి పడింది, ఏమి వినిపించింది, కెమెరా ఎవరిని చూస్తోంది. ఎందుకు నచ్చిందో అప్పుడే అడగవద్దు. అందరూ తలా ఒక సన్నివేశం చెప్పేసరికి సినిమా మళ్లీ గదిలోకి వస్తుంది. అభిప్రాయాలు ఆ తరువాత. అప్పుడు కూడా ఎవరైనా "దర్శకుడు తేలిపోయాడు" అంటే "ఏ సన్నివేశంలో?" అని మర్యాదగా అడుగు. ఆ ఒక్క ప్రశ్న అడగడం నీకు అలవాటైతే సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి.

ఇటలీ దర్శకుడు డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' చూశారని, "బీదరికం గురించి మంచి సినిమా" అని అందరూ ఒప్పుకున్నాక ఇంకేమి మాట్లాడాలో తోచలేదని రాశావు. అందులో తాకట్టు దుకాణం గుర్తుందా? తాకట్టులో ఉన్న సైకిలు విడిపించుకోవడానికి కథానాయకుడి ఇల్లాలు పడకల మీది దుప్పట్లు ఊడదీసి తెచ్చి తాకట్టు పెడుతుంది. గుమాస్తా ఆ మూట అందుకుని అరల మీదికి ఎక్కుతాడు, ఇంకా పైకి ఎక్కుతాడు. పైదాకా అన్నీ అలాంటి మూటలే. ఊరంతా దుప్పట్లు లేకుండా పడుకుంటోందని ఎవరూ నోటితో చెప్పరు. తాకట్టు కొట్టు గుమ్మం ఎక్కిన మనిషి మీ క్లబ్బులో ఒక్కరైనా ఉంటారు. ఆ గుమాస్తా ముఖంలో జాలీ లేదు, కోపమూ లేదు అన్న సంగతి వాళ్లకే మొదట కనబడుతుంది. వాళ్ల చేత ఆ మాట చెప్పించగలిగితే, పుస్తకాలు చదివిన వాళ్లం చెప్పలేనిది మీ క్లబ్బుకు దక్కుతుంది.

నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే, తల్లీ. మీలో జీడిపప్పు కర్మాగారంలో లెక్కలు రాసే అమ్మాయి ఉంది, ఆర్టీసీ కండక్టరు ఉన్నాడు, ఆసుపత్రిలో నర్సు ఉంది. సినిమాలో వార్డు దృశ్యం వచ్చినప్పుడు రోగి పక్కన నిలబడిన మనిషి ఎంత దూరంలో నిలబడిందో నర్సు చూసినట్టు నేను చూడలేను. ఇక్కడ నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన ఒకాయన మా క్లబ్బుకు వచ్చేవాడు. కార్మికుల సినిమా వేసిన రోజున, "యంత్రం నడుస్తుండగా ఇంత నెమ్మదిగా మాట్లాడితే పక్కవాడికి వినబడదు, మేము సైగలు చేసుకుంటాం" అన్నాడు. ఆ సినిమాలోని శబ్దం గురించి నేను విన్న మంచి విమర్శ అది. అలాంటి వాళ్లు "నాకు సినిమాల గురించి ఏమీ తెలియదండీ" అని వెనక కూర్చుంటారు. వాళ్ల పని గురించి అడుగు. ఆ దారినే సినిమాలోకి వస్తారు. డి సికా కూడా 'బైసికిల్ థీవ్స్'లో తండ్రి పాత్రకు నటుణ్ని వెతకలేదు, లాంబెర్టో మాజ్జొరాని అనే కర్మాగార కార్మికుణ్ని తీసుకున్నాడు. 1950లో లండన్‌లో ఆ సినిమా చూసిన సత్యజిత్ రే అయిదేళ్లకు 'పథేర్ పాంచాలి' పూర్తిచేశాడు. అంతకు ముందే, 1947లో, చిదానంద దాస్‌గుప్తా మొదలైన మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టి సినిమాలు చూసి మాట్లాడుకున్న మనిషి ఆయన.

ఇక సమావేశం జరిపే తీరు. తెర మీద పేర్లు పూర్తిగా వెళ్లేదాకా లైట్లు వేయకండి. తరువాత ఒక్కొక్కరికీ చిన్న చీటీ, పెన్సిలూ ఇవ్వు. గుర్తున్న సన్నివేశం రెండు వాక్యాల్లో రాయమను, పేరు రాయడం వాళ్ల ఇష్టం. అందరూ టీ తాగుతుండగా నువ్వు చీటీలు చదువుకుని, దేనితో మొదలుపెట్టాలో చూసుకో. ఎక్కువ మాట్లాడేవాళ్ల చీటీల్లో తీర్పులు ఉంటాయి, మాట్లాడని వాళ్ల చీటీల్లో దృశ్యాలు ఉంటాయి. ఇది నేను మళ్లీ మళ్లీ గమనించిన సంగతి.

వరుస చిన్నవాళ్లతో మొదలవ్వాలి. రిటైరైన మాస్టారు ఒకరు వస్తున్నారని, ఆయన మాట్లాడాక ఎవరూ నోరు విప్పడం లేదని రాశావు. అంత చదువుకున్న మనిషి మీకు దొరకడం అదృష్టం, ఆయన్ని దూరం చేసుకోవద్దు. ఒకరోజు వాళ్ల ఇంటికి వెళ్లి, "మాస్టారూ, మీ మాట విన్నాక పిల్లలు తమ మాట మింగేస్తున్నారు, మీరు చివర మాట్లాడితే మాకు మేలు" అని చెప్పు. పదిమందిలో చెప్పవద్దు. పెద్దవారు కాబట్టి అర్థం చేసుకుంటారు. నిర్వహించేదానివి కనుక నువ్వు కూడా మొదట మాట్లాడకూడదు.

అభిమానుల గొడవ గురించి రాశావు. దానికి ఒకటే నియమం పెట్టు: గదిలో నటుల పేర్లు వద్దు, పాత్రల పేర్లతోనే మాట్లాడాలి. మొదట్లో అందరూ తడబడతారు. కొన్ని వారాలకు మాటలు వాటంతట అవే పాత్ర ఏమి చేసింది, ఎందుకు చేసింది అన్న వైపు మళ్లుతాయి. వసూళ్ల లెక్కలు, ఏ సెంటరులో ఎన్ని రోజులు ఆడింది అన్న సంగతులు టీ దగ్గర మాట్లాడుకోండి.

ఇప్పుడు మన యాస గురించి. దీని మీద నాకు బలమైన అభిప్రాయం ఉంది. తెలుగు సినిమాలో శ్రీకాకుళం మాట చాలాకాలం ఎవరి నోట వినబడింది? పనివాడి నోట, వాచ్‌మన్ నోట, నవ్వించడానికి తెచ్చిన అమాయకుడి నోట. నాయకుడిది ఈ జిల్లాయే అని కథ చెప్పినా అతని మాట మాత్రం చాలాసార్లు కృష్ణా, గుంటూరు వైపుదే. హాలులో మనవాళ్లే పగలబడి నవ్వుతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. ఇది మీరు మాట్లాడవలసిన విషయం. ఆ యాస సరిగ్గా పలికిందో లేదో హైదరాబాదులో కూర్చున్న విమర్శకుడి కన్నా మీకు బాగా తెలుసు. అయితే "మనల్ని అవమానించారు" అని ఒక్క మాటతో ముగిస్తే అది నినాదంగానే మిగిలిపోతుంది. సన్నివేశం పట్టుకోండి. ఆ పాత్ర నవ్వించేటప్పుడు యాస మాట్లాడి, ఏడ్చేటప్పుడు మామూలు భాషలోకి వచ్చేసిందా? పక్కనున్నవాళ్లు ఆ మాటకు నవ్వారా, జవాబిచ్చారా? ఆ పలుకు టెక్కలి వైపుదా, ఒడియా కలిసిన ఇచ్ఛాపురం వైపుదా, ఏ ఊళ్లోనూ వినబడని కల్పనా? ఇంత వివరంగా చెబితే మీ మాటను ఎవరూ తోసిపుచ్చలేరు. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' కూడా వేయండి. అందులో చాలా పాత్రలకు విశాఖలోని ఆ పేట మనుషులనే తీసుకున్నాడు. వాళ్ల మాట ప్రేమకూ కోపానికీ దుఃఖానికీ సరిపోయింది. రెండు రకాల సినిమాల నుంచి ఒక్కొక్క సన్నివేశం పక్కపక్కన వేసి చూస్తే ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

ఊరి మీద అభిమానం గురించి కూడా ఒక మాట. ఘంటసాల సంగీతం నేర్చింది విజయనగరంలో, సుశీల పుట్టింది ఇక్కడే. జె.వి. సోమయాజులు మీ జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. గర్వపడదాం. కానీ "మనవాళ్లు" అనడంతో చర్చ ముగియకూడదు. 1980 నాటి 'శంకరాభరణం' నుంచి ఏదైనా ఒక సన్నివేశం శబ్దం ఆపేసి చూడండి. సోమయాజులు కళ్లతో, మెడతో, కూర్చునే తీరుతో ఎంత పని చేశారో తెలుస్తుంది. అలాగే సుశీల పాట ఒకటి బొమ్మ లేకుండా వినండి, ఆ తరువాత బొమ్మతో చూడండి. పాట సన్నివేశానికి ఏమి చేర్చిందో అప్పుడు చెప్పమను.

మా ఊళ్లో 'కన్యాశుల్కం' సినిమా వేస్తే, చూసినవాళ్లలో సగం మంది "నాటకం ముందు ఇదెంత" అంటారు. అలా అన్నవారిని నేను "ఏ నాటకంతో పోలుస్తున్నారు?" అని అడుగుతాను. 1892లో ఇక్కడ మొదటిసారి ఆడి, 1897లో అచ్చయిన నాటకం ఒకటి. గురజాడ తానే బాగా పెంచి, మార్పులు చేసి 1909లో వేసిన రెండో కూర్పు మరొకటి. రాసినవాడే తన రచనను అంతగా తిరగరాస్తే, 1955లో పి. పుల్లయ్య సినిమా కోసం మార్చడమే నేరం ఎలా అవుతుంది? ఏమి మార్చాడు, దానివల్ల ఏమి పోయింది, ఏమి వచ్చింది అన్నది అసలు ప్రశ్న. నాటకంలో మాటలదే రాజ్యం. సినిమాలో ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వింటున్న మధురవాణి ముఖం దగ్గరగా కనబడుతుంది. వెనక బెంచీలో కూర్చుని నాటకం చూసినవాడికి ఆ ముఖం ఎన్నడూ కనబడి ఉండదు. మూలంతో పోల్చాలనుకున్న ఏ సినిమాకైనా ఇలాంటి ప్రశ్నే వేసుకోండి.

ఎవరికి వారు ఇంట్లో చూసిన సినిమాల గురించి చెప్పుకునే సమావేశాలకు పద్ధతి వేరు. వినేవాళ్లు ఆ సినిమా చూడలేదు. అందుకని కథ మొదటి మూడో వంతు దాటి చెప్పకూడదు. ఎక్కడ చూశారో తప్పకుండా చెప్పాలి. బస్సులో ఫోను మీద ముక్కలు ముక్కలుగా చూసినవాడి అభిప్రాయం, హాలులో కూర్చుని చూసినవాడి అభిప్రాయం ఒకటి కావు. "నెమ్మదిగా సాగింది" అన్న ఫిర్యాదులు చాలావరకు ఫోను నుంచే వస్తాయి. మనిషికి మూడు నిమిషాలు చాలు. చివర "ఇది ఎవరు చూడాలి?" అని అడుగు. "మా అమ్మ చూడాలి" అని ఒక అమ్మాయి అన్నదనుకో, ఎందుకని అడగకుండా ఉండలేరు ఎవరూ. అక్కడి నుంచి చర్చ నడుస్తుంది.

ఒక జాగ్రత్త. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన చందా పదిమందిని పిలిచి ప్రదర్శించడానికి అనుమతి కాదు. ప్రదర్శన వేసే ముందు హక్కులు ఎవరివో కనుక్కుని, వాళ్లకు రాసి అనుమతి తెచ్చుకోండి. అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు.

ఒక నోటు పుస్తకం పెట్టండి. సినిమాకు ఒక పేజీ: తేదీ, దర్శకుడు, ఎవరు ఏ సన్నివేశం చెప్పారు. మార్కులు, నక్షత్రాలు వద్దు. కొన్నేళ్లకు అదే సినిమా మళ్లీ వేసినప్పుడు అదే మనిషి వేరే సన్నివేశం చెబుతాడు. అప్పుడు ఆ పాత పేజీ చదివి వినిపించు.

వచ్చే నెలకు జపాన్ దర్శకుడు కురొసావా 'రషోమన్' (1950) వేయండి. అడవిలో జరిగిన ఒక హత్య గురించి నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. బందిపోటు చెప్పినప్పుడు కత్తియుద్ధం వీరోచితంగా ఉంటుంది. కట్టెలు కొట్టేవాడు చెప్పినప్పుడు అదే యుద్ధంలో ఇద్దరూ వణుకుతూ, పడుతూ లేస్తూ కొట్టుకుంటారు. సినిమా అవగానే చర్చ మొదలుపెట్టకుండా, మీలో నలుగురిని వేర్వేరుగా కూర్చోబెట్టి ఆ రెండు పోరాటాలూ వివరంగా రాయించు. తరువాత అందరి ముందూ చదివి, ఆ భాగాలు మళ్లీ వేసి సరిచూసుకోండి. మా రోజుల్లో ప్రింటు మర్నాడే తిరిగి పంపవలసి వచ్చేది, మళ్లీ చూసే వీలు ఉండేది కాదు. మీకు ఆ వీలు ఉంది, వాడుకోండి. చెట్ల ఆకుల మధ్యనుంచి కెమెరా నేరుగా సూర్యుణ్ని చూసే దృశ్యాలు ఎవరు గమనించారో కూడా అడుగు.

మా ఊరి సిరిమాను పండుగకు ఎలాగూ వస్తావు కదా. వచ్చేటప్పుడు ఆ నాలుగు కాగితాలూ తీసుకురా, మాస్టారిని కూడా వెంటబెట్టుకు రా. అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
మామయ్య