నలుగురితో ఉన్నప్పుడు, నలుగురిలో ఉన్నప్పుడు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సినిమా హాల్లోంచి మిమ్మల్ని ఐదుగురినీ మధ్యలోనే బయటికి పంపేశారని, ఇంటికొచ్చి ఏమీ తినకుండా పడుకున్నావని చెప్పింది. తర్వాత నువ్వే ఫోన్ తీసుకుని, "తాతయ్యా, మేమేం చేశాం? నవ్వుకున్నాం, అంతే. మేమూ టికెట్ కొనుక్కునే వెళ్ళాం కదా" అన్నావు. నీ గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువ వినిపించింది. అందుకే ఫోన్లో ఏమీ అనలేదు. కాస్త ఆగి రాద్దామనుకున్నాను.

ముందు ఒక మాట. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. కావాలని ఎవరినీ ఇబ్బంది పెట్టి ఉండరు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో కండక్టర్‌గా చేశాను కదా, కావాలని గొడవ చేసే కుర్రాళ్ళను చాలా తక్కువమందిని చూశాను. మిగతా అందరూ నీలాంటి పిల్లలే. ఒక్కడే ఎక్కిన రోజు కిటికీ పక్కన ఒదిగి కూర్చుని, దిగేటప్పుడు "థాంక్సండీ" అని వెళ్ళే పిల్లాడు, మర్నాడు నలుగురితో ఎక్కితే గుర్తుపట్టలేనంతగా మారిపోతాడు. అదే చొక్కా, అదే బ్యాగు, మనిషే వేరు. కాబట్టి నీకు మర్యాద తెలియదని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నీకు తెలిసిన మర్యాదే ఫ్రెండ్స్ పక్కన ఉన్నప్పుడు ఎందుకు జారిపోతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో రాస్తున్నాను.

ఇది నీ ఒక్కడి సంగతి కూడా కాదు. రిటైరయ్యాక చదువుకోవడానికి తీరిక దొరికింది. 2005లో అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీకి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 306 మంది చేత వీడియో గేమ్‌లో కారు నడిపించారు. అందులో 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు ఉన్నారు, 18 నుంచి 22 వాళ్ళు ఉన్నారు, 24 దాటినవాళ్ళు ఉన్నారు. కొందరిని ఒంటరిగా ఆడించారు, కొందరిని తోటివాళ్ళు చూస్తుండగా ఆడించారు. పక్కన తోటివాళ్ళు ఉంటే చిన్నవాళ్ళు బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్ళలో ఆ తేడా పెద్దగా లేదు. అది చదువుతుంటే నాకు మా బస్సు ఫుట్‌బోర్డు కళ్ళ ముందు కనిపించింది. లోపల సీట్లు ఖాళీగా ఉన్నా అక్కడ వేలాడే పిల్లల్లో ఏ ఒక్కడూ ఒంటరిగా ఎక్కినవాడు కాదు.

నీ ఈడులో ఇంకో విచిత్రం ఉంటుంది. చొక్కా మీద చిన్న మరక పడితే చాలు, వీధిలో అందరూ నన్నే చూస్తున్నారని టెన్షన్ పడతావు. డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లోనే దీని గురించి రాశాడు. లేని ప్రేక్షకులను ఊహించుకోవడం అన్నాడు. అదే నువ్వు ఫ్రెండ్స్‌తో ఉంటే, నిజంగా ఉన్న జనం కూడా నీకు కనపడరు. చూస్తున్నది ఆ నలుగురే అనిపిస్తుంది. నిన్న హాల్లో జరిగింది ఇదేనని నా నమ్మకం.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

ఒక సాయంత్రం ట్రిప్పులో ఏడుగురు కుర్రాళ్ళు ఎక్కారు. ఆరోజుతో వాళ్ళ పరీక్షలు అయిపోయాయి. వెనక సీటు నిండా వాళ్ళే. ఒకడి చెప్పు ఇంకొకడు దాచాడు, అది చేతులు మారుతోంది, ఒకటే అరుపులు, నవ్వులు. వాళ్ళ ముందు సీట్లో అరవై ఏళ్ళ ఆవిడ ఒకరు కూర్చున్నారు. ఒళ్ళో గుడ్డ సంచి, అందులోంచి ఎక్స్‌రే కవరు సగం బయటికి వచ్చి ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అరుపు వినపడ్డప్పుడల్లా సంచి పిడిని వేలికి ఇంకో చుట్టు చుట్టుకునేది. వేలి చివర తెల్లబడిపోయింది. కాసేపటికి లేచి, రాడ్ పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. టికెట్ కొట్టింది నేనే, ఆవిడ దిగాల్సిన చోటు నాకు తెలుసు. "అమ్మా, మీ స్టాపుకి ఇంకా రెండు స్టాపులుంది కదా" అన్నాను. "పర్లేదు బాబూ, నడిచి పోతాను" అంది. బయట చీకటి పడుతోంది. ఆ కుర్రాళ్ళలో ఒకడు కాళ్ళు వెనక్కి తీసుకుని దారిచ్చాడు. "జాగ్రత్త ఆంటీ, మెట్టు ఎత్తుగా ఉంది" అని కూడా అన్నాడు.

ఆ పిల్లాడు మంచివాడే చిన్నా. ఆవిడ ఎందుకు దిగిపోయిందో మాత్రం వాడికి తెలియదు. ఈరోజుకీ తెలిసి ఉండదు. వెనక్కి వెళ్ళి వాళ్ళతో ఒక్క మాట చెప్పాల్సింది నేను. చెప్పలేదు. బెల్ కొట్టాను, బస్సు కదిలింది. అది నాకు ఇప్పటికీ బాధే.

"ఎవరూ ఏమీ అనలేదు కదా" అని నువ్వు ఫోన్లో రెండుసార్లు అన్నావు. ఇబ్బంది పడినవాళ్ళలో నోరు తెరిచి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. చాలామంది సీటు మారతారు, లేకపోతే చెవులకు ఏదో పెట్టుకుంటారు, లేకపోతే దిగిపోతారు. హాల్లో ఆ సిబ్బంది మీ దగ్గరికి వచ్చారంటే, అంతకుముందు ఎవరో లేచి వెళ్ళి వాళ్ళకు చెప్పుకుని ఉంటారు. అలా లేచిన మనిషికి కూడా సినిమా కొంత పోయింది. టికెట్ వాళ్ళూ కొన్నారు. ఎవరైనా అనేదాకా ఆగకుండా మనమే చూసుకోవాలి.

చూడటం ఎలాగో చెబుతాను. ఫ్రెండ్స్ ఎక్కడ కలిసినా గుండ్రంగా నిలబడతారు. గమనించు, మొహాలన్నీ లోపలికి, వీపులన్నీ బయటికి. తలుపు దగ్గరైనా, మెట్ల మీదైనా, లిఫ్ట్ ముందైనా అంతే. దారి మూసేశామని ఎవరికీ తెలియదు, ఎందుకంటే వచ్చేవాళ్ళు ఎవరికీ కనపడరు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. గోడ వైపు వీపు పెట్టి, జనం కనపడేలా నిలబడు. అప్పుడు పిల్లను ఎత్తుకుని వచ్చే తల్లి నీకు ముందే కనపడుతుంది. "ఇలా రండిరా" అని రెండు అడుగులు పక్కకు జరిగితే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఎవరికీ నీతులు చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళేముందు వీపు మీద బ్యాగు తీసి చేత్తో పట్టుకో. నువ్వు పక్కకు తిరిగినప్పుడు ఆ బ్యాగు ఎవరి మొహానికి తగులుతుందో నీకు కనపడదు.

తర్వాత శబ్దం. మీరు అరవాలని అరవరు, అది నాకు తెలుసు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. అది 10 పెరిగితే చాలు, చెవికి దాదాపు రెట్టింపు అయినట్టు వినపడుతుంది. పక్కన శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లో దీన్ని వివరించాడు, అందుకే లోంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. ఇంజన్ పక్కన నిలబడి ఏళ్ళ తరబడి మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా నేను గట్టిగా మాట్లాడేవాణ్ణని మీ అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఐదుగురు కూర్చుంటే ఒకడి మీద ఒకడు గొంతు పెంచుకుంటూ పోతారు. పదినిమిషాలకు అందరూ అరుస్తుంటారు, ఎవరికీ తెలియదు.

"ఉష్, మెల్లగా" అంటే ఇంకో నవ్వు పుడుతుంది. నా అనుభవంలో పనిచేసింది వేరే. ఒక గుంపులో ఒక పొడుగు కుర్రాడు ఉండేవాడు, రోజూ మా బస్సే. గోల పెరిగిందంటే వాడు చెప్పేది బాగా తగ్గించిన గొంతుతో చెప్పేవాడు. వినపడక మిగతావాళ్ళు తలలు దగ్గరికి వంచేవాళ్ళు, వాళ్ళ గొంతులూ దిగేవి. వాడు కావాలనే చేస్తున్నాడని నాకు చాలా రోజులకు అర్థమైంది. నువ్వూ చేసి చూడు.

ఫోన్లో వీడియోలు, పాటలు స్పీకర్ మీద పెట్టకు. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు ఆ గోలంతా ఇంకా పెద్దగా చెవిలో పడుతుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు కూడా పక్కకు వెళ్ళు. ఇద్దరి సంభాషణ మొత్తం వినపడే దానికంటే సగమే వినపడితే పక్కవాళ్ళ ధ్యాస ఎక్కువ చెడుతుందని 2010లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చారు. అవతలివాళ్ళు ఏమన్నారో అని మనసు ఖాళీలు పూరించుకుంటూ పోతుందట.

తెలియని మనిషిని వీడియో తియ్యకు. కాలు జారి పడినవాళ్ళను అస్సలు తియ్యకు. ముందు చెయ్యి ఇవ్వు.

ఇప్పుడు రాసేది కాస్త జాగ్రత్తగా చదువు. నిన్నటి సంగతికి దీనితో సంబంధం లేదు, అయినా నీ వయసు వచ్చింది కాబట్టి రాయాలి. ఒక అమ్మాయి ఎక్కుతుంది. గుంపులో ఒకడు ఏదో అంటాడు. ఆ మాట చాలాసార్లు ఆ అమ్మాయికి వినపడదు, వినపడేది మిగతావాళ్ళ నవ్వు. అది తన గురించో కాదో ఆమెకు తెలిసే దారి లేదు. తన గురించే అనుకుని, బ్యాగు ముందుకు తెచ్చుకుని, దిగేదాకా అలాగే నిలబడుతుంది. రోజూ ఇదే అయితే ఆ బస్సు మానేసి తర్వాతి బస్సుకు వస్తుంది. ఇది నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మాట అన్నవాడు ఒక్కడు, భయపెట్టింది మాత్రం నవ్విన నలుగురూ కలిసి. కాబట్టి అలాంటప్పుడు నవ్వకు. నువ్వు నవ్వకపోతే ఆ జోక్ సగం చచ్చిపోతుంది. "వదిలెయ్ రా" అని వేరే విషయం ఎత్తు. ఒకరోజు నిన్ను ఏడిపిస్తారు. భరించు. వాళ్ళలో ఇంకొకడికి కూడా అది నచ్చి ఉండదు, నువ్వు ముందు ఆగితే వాడూ ఆగుతాడు.

సీటు ఇచ్చేటప్పుడు తెల్లజుట్టు ఒక్కటే చూడకు. పైకి బాగానే కనిపిస్తూ గుండె జబ్బుతోనో, ఆపరేషన్ అయ్యి వారం రోజులకో ప్రయాణం చేసేవాళ్ళుంటారు. లేచి నిలబడి, మెల్లగా "కూర్చుంటారా?" అని అడుగు. వద్దంటే బలవంతం చెయ్యకు. చూపు లేనివాళ్ళ చెయ్యి చెప్పకుండా పట్టుకుని లాగకు, ముందు అడుగు.

గుంపులో ఉన్నప్పుడు ఇంకోటి కూడా జరుగుతుంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లతానె అనేవాళ్ళు చేసిన ప్రయోగంలో, పక్క గదిలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు విద్యార్థులకు వినిపించారు. తాను ఒక్కడే వింటున్నానని అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకుంటే 31 శాతమే. ఎవరో చూసుకుంటారులే అని అందరూ అనుకుంటారు. నీ కళ్ళ ముందు ఎవరైనా పడిపోతే గాల్లోకి "ఎవరైనా రండి" అనకు. ఒకడి పేరు పెట్టి "నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి" అను, నువ్వు మనిషి దగ్గర ఉండు. మీ ఐదుగురూ అప్పుడు ఎంత పనికొస్తారో.

ఎవరైనా పెద్దవాళ్ళు అన్యాయంగా కసురుకున్నారనుకో. అలాంటివాళ్ళూ ఉంటారు, కుర్రాళ్ళు కనపడితే చాలు ముందే అనుమానంగా చూస్తారు. అది తప్పు, నేను వాళ్ళను సమర్థించను. బస్సైనా, పార్కైనా, హాలైనా నీకూ అందరితో సమానంగా హక్కుంది. కానీ ఆ క్షణంలో ఫ్రెండ్స్ వైపు చూడకు. చూశావంటే సమాధానం వాళ్ళ కోసం చెబుతావు, గొంతు లేస్తుంది. ఆ మనిషి వైపే చూసి, "సరేనండీ, చూసుకుంటాం" అని ఆగిపో. తప్పు నీదైతే "సారీ అండీ" చాలు. అది చెప్పేటప్పుడు వెనక ఎవరూ కిసుక్కున నవ్వకూడదు, అందుకని గుంపులోంచి రెండు అడుగులు ముందుకు వచ్చి చెప్పు.

ఇక నిన్నటి విషయం. ఈ ఆదివారం ఆ హాల్‌కి వెళ్ళు. మిమ్మల్ని బయటికి పంపినతను ఉంటే, సినిమా మొదలయ్యే హడావుడి లేనప్పుడు కలిసి, "ఆరోజు మేం ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో మాకు తెలియలేదండీ, సారీ" అని చెప్పు. మిగతా నలుగురినీ రమ్మని బలవంతం చెయ్యకు, వాళ్ళ తరఫున మాట్లాడకు. వస్తామంటే సరే. అతను ఎలా మాట్లాడతాడో చెప్పలేను. మొహం చిట్లించుకున్నా విని వచ్చెయ్.

బయల్దేరేముందు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. లోపలికి నువ్వొక్కడివే వెళ్ళు. నేను బయట గేటు దగ్గర నిలబడతాను.

మీ తాతయ్య