ఆడిట్ శుక్రవారమే ముగిసింది, శనివారం ఎవరిది?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హైదరాబాదులో ఒక ఔషధ సంస్థ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. మాకు ముడిసరుకు సరఫరా చేసే ఫ్యాక్టరీలను ఆడిట్ చేయడానికి రెండు మూడు నెలలకొకసారి విశాఖపట్నం దగ్గరి పరవాడకు వెళ్లవలసి ఉంటుంది. ఇంట్లో మావారు, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తయ్యగారు ఉంటారు. కిందటిసారి పని శుక్రవారానికే పూర్తయినా, శనివారం కూడా ఆడిట్ ఉందని ఇంట్లో చెప్పి, ఒక్కదాన్నే అరకు వెళ్లి వచ్చాను. ఆ రెండు రాత్రులూ ఆఫీసు ఇచ్చిన హోటల్ గదిలోనే ఉన్నాను. రైలు టికెట్ తీసుకున్న ఖాతాలో మావారి నంబరు ఉండటంతో మెసేజ్ ఆయనకు వెళ్లి విషయం బయటపడింది. అప్పటి నుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు. ‘ఇంకెన్నిసార్లు ఇలా చెప్పావు?’ అని ఒక్కసారి మాత్రం అడిగారు. ఆయన మీటింగులకు బెంగళూరు వెళ్లినప్పుడు ఆదివారం స్నేహితులతో గడిపి వస్తారు, నేనెప్పుడూ ప్రశ్నించలేదు. త్వరలో మళ్లీ పరవాడ వెళ్లాలి. ఈసారి అందరం వస్తామంటున్నారు. నాకంటూ ఒక రోజు కోరుకోవడం తప్పా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను. తప్పు కాదు. రోజంతా ప్లాంటులో నిలబడి, రికార్డులు తిరగేసి, రాత్రి గదికి చేరాక ఆనాటి పరిశీలనలన్నీ రాసుకుని, మూడో రోజు రాత్రి రైలెక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, ఇంట్లో సంచి పెట్టీ పెట్టకముందే పాప లంచ్ బాక్సు సర్దే మనిషికి మధ్యలో ఒక రోజు అవసరమే. కిరండూల్ పాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే సొరంగాలను చూస్తూ, ఎవరికీ ఏ సమాధానమూ చెప్పనవసరం లేకుండా గడిపిన ఆ నాలుగు గంటలు మీకు ఎంత అవసరమైనవో నేను ఊహించగలను. ఆ రోజు విషయంలో మీరు ఎవరి ముందూ తలదించుకోవలసిన పని లేదు.

అయితే మీవారిని బాధపెట్టింది అరకు కాదని మీరు గ్రహించాలి. ఇది మీ వృత్తిలోని మాటలతోనే చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఒక బ్యాచ్ పరీక్షా ఫలితం సరిగ్గానే ఉన్నా, రికార్డులో పని జరిగిన తేదీకి బదులు మరో తేదీ వేసి ఉంటే మీరు దాన్ని ఆమోదించరు. ఆ ఒక్క పేజీతో ఆగకుండా వెనకటి పేజీలన్నీ తిరగేయమంటారు. ‘ఇంకెన్నిసార్లు?’ అని ఆయన అడిగింది అదే. పైగా మీ పనిలో ఆడిట్ నిజంగానే ఒక రోజు పొడిగించవలసిన సందర్భాలు వస్తాయి, అటువంటి సాయంత్రం మీరు ఫోన్ చేసి నిజం చెప్పినా నమ్మడం ఆయనకు కష్టమవుతుంది.

అందువల్ల ప్రయాణం సంగతి మాట్లాడటానికి ముందు ఆయన ప్రశ్నకు సూటిగా జవాబివ్వండి. ఇదే మొదటిసారి అయితే ఆ మాటే చెప్పండి, ఇంతకుముందు కూడా జరిగి ఉంటే అదీ చెప్పండి. ఎందుకు దాచారో కూడా చెప్పాలి: అడిగితే వద్దంటారని భయపడ్డారా, లేక ఇంటి బాధ్యత వదిలి విహారానికి వెళ్తున్నానని చెప్పుకోవడానికి మీకే సిగ్గనిపించిందా? నేను చూసిన చాలామంది స్త్రీల విషయంలో రెండో కారణమే బలంగా ఉంటుంది. ఆఫీసు పని అన్న పేరు ఉంటేనే ఇల్లు దాటడానికి మనసు ఒప్పుకుంటుంది, విశ్రాంతి అన్న పేరు పెడితే ఒప్పుకోదు. మీకు ఇల్లు కాదనకముందే మీరే కాదనుకున్నారేమో ఆలోచించండి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ సంభాషణలో బెంగళూరు ఆదివారాల ప్రస్తావన తీసుకురావద్దు, తెస్తే మీ క్షమాపణ ఆయనకు ఎదురుదాడిలా వినిపిస్తుంది.

బెంగళూరు మాట వేరొక రోజు తప్పకుండా ఎత్తండి, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. ఆయన ఆదివారం అక్కడ నిశ్చింతగా గడపగలిగేది ఇక్కడ పాప హోంవర్కు, అత్తగారి మందులు, వంట మీరు చూసుకుంటున్నందువల్లే. అదేవిధంగా మీరు అరకులో ఉన్న శనివారం ఆ పనుల్లో కొన్ని, నొప్పులున్న మోకాళ్లతో, మీ అత్తగారు చేసి ఉంటారు. కోడలు ఆఫీసు పనిలో ఉందనుకుని ఆమె ఓర్చుకున్నారు. కాబట్టి మీరు నిజం చెప్పుకోవలసింది ఒక్క భర్తకే కాదు, ఆమెకు కూడా. ఇద్దరిలో ఎవరు ఊళ్లో లేకపోయినా ఆ పనులు ఎవరు చేయాలన్నది, అవసరమైతే ఆ ఒక్క రోజుకు డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడంతో సహా, ముందే తేల్చుకుంటే ఈ ఇంట్లో సగం కోపాలు పుట్టవని నా అభిప్రాయం.

ఆఫీసు విషయం కూడా మీ ఉత్తరంలో ఉంది, దాన్ని దాటిపోలేను. పని అయిపోయిన తర్వాత గడిపిన రాత్రుల గది అద్దె సంస్థ కట్టి ఉంటే, మీ పైఅధికారికి చెప్పి ఆ మొత్తాన్ని తిరిగి చెల్లించండి. ఇకముందు టికెట్లు తీసుకోకముందే ఒక మెయిల్ రాయండి: పని ఫలానా రోజుకు పూర్తవుతుంది, ఆపై ఒక రోజు నా సొంతానికి ఉంటాను, ఆ రోజు ఆఫీసు ఉంటే సెలవు పెడతాను, గది బిల్లు అప్పటి నుంచి నా పేరున వేరుగా తీసుకుంటాను, తిరుగు టికెట్ ధర పెరిగితే తేడా నేనే భరిస్తాను అని. ఇలా అడిగినప్పుడు చాలా సంస్థలు అభ్యంతరం చెప్పవు, చెబితే ఆ సంస్థ నియమాన్ని పాటించవలసిందే. మీరు ఆడిటర్ గనుక ఇంకొక మాట. మీరు తనిఖీ చేసిన ఫ్యాక్టరీవారు ‘అరకుకు మా కారు పంపుతాం మేడమ్’ అని ఎంత మర్యాదగా అన్నా ఒప్పుకోవద్దు. రేపు మీరు వారి గురించి రాసే ప్రతి వాక్యం మీద ఆ కారు నీడ పడుతుంది.

ఇక అందరూ కలిసి రావడం గురించి. ఆయన ఆ మాట నిజంగా మీతో గడపాలనే కోరికతో అన్నారో, కనిపెట్టుకుని ఉండాలనే అనుమానంతో అన్నారో నాకు తెలియదు. మీరు నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. ఏ కారణంతో అన్నా ఆడిట్ రోజుల్లో మాత్రం వారిని తీసుకువెళ్లవద్దు. పగలంతా మీరు ప్లాంటులో, వారు హోటల్ గదిలో ఉండి, రాత్రి మీరు నివేదిక రాసుకుంటుంటే పాప బీచికి వెళ్దామని మారాం చేస్తుంది. పనీ నడవదు, సరదా కూడా ఉండదు. దానికి బదులు మీ పని ముగిసే శుక్రవారం సాయంత్రం వారు హైదరాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, శనివారం ఉదయానికి మీ దగ్గర ఉంటారు. రామకృష్ణా బీచి ఒడ్డునే ఉన్న కురుసుర జలాంతర్గామి పాపకు నచ్చుతుంది, మీ అత్తగారు సింహాచలం వెళ్లాలని కోరుకోవచ్చు. అరకు దారిలోని బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, ఆమె మోకాళ్లకు అవి పడవు. అందుచేత ఈసారికి అరకును కార్యక్రమంలో చేర్చవద్దు. సోమవారం బడికి అందుకోవాలంటే ఆదివారం సాయంత్రం తిరుగు రైలెక్కాలన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

అలాగని అన్ని ప్రయాణాలూ కుటుంబ యాత్రలు కానక్కరలేదు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వారు రావడం, ఒకటి రెండుసార్లు మీరు ఒంటరిగా ఆగిపోవడం, మిగిలినప్పుడు పని కాగానే తిరిగి రావడం అన్నది మీ ఇంటికి సరిపోతుందని నాకనిపిస్తోంది. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, ఆడిట్ తేదీ ఖరారైన రోజునే పాప పరీక్షలు, ఆయన మీటింగులు పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి తేదీలు చూడండి. ఇందులో మీరు అనుమతి కోరడం లేదు, ఆయనతో సంప్రదిస్తున్నారు. ఆయన బెంగళూరు ప్రయాణాలకూ ఇదే పద్ధతి వర్తించాలి. ఇంత నిజాయితీగా మాట్లాడిన తర్వాత కూడా, నెలలు గడిచినా ఆయన మీ ఫోను వెతకడం, గంటగంటకు ఎక్కడున్నావని అడగడం మానకపోతే, అది ఒక శనివారానికి సంబంధించిన సమస్య కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక కుటుంబ కౌన్సెలర్‌ను కలవండి.

పాపను మరిచిపోవద్దు. అమ్మ ఆడిట్‌లో ఉందనే తనకూ చెప్పి ఉంటారు. మీ భార్యాభర్తలు మాట్లాడుకున్న తర్వాత, ఒక సాయంత్రం తనను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు అమ్మ నిజానికి అరకు వెళ్లిందని చెప్పి, ఫోనులో దాచిన ఫొటోలు ఇంకా ఉంటే చూపించండి.